మూడో మంచానికి మీరు, నాలుగో మంచానికి నువ్వు

పగలంతా వార్డులో తిరిగి హాస్టల్‌కి చేరాక, రాత్రి రాసుకునే నాలుగు ముక్కలు ఒక నర్సును ఎలా తీర్చిదిద్దుతాయి? ఇరవై రెండేళ్లుగా విద్యార్థుల డైరీలు చదువుతున్న ఒక నర్సింగ్ ట్యూటర్ అనుభవం ఈ వారం ముఖచిత్ర కథనం.

మొదటి సంవత్సరం పిల్లలకు వార్డు డ్యూటీలు మొదలయ్యే వారంలో నేనొక చిన్న పని అప్పజెబుతాను. బీపీ చూడటం, దుప్పటి మార్చడం, టెంపరేచర్ చార్టు వేయడం ఎలాగూ నేర్చుకుంటారు. వాటితోపాటు జేబులో ఒక చిన్న నోట్‌బుక్కు పెట్టుకుని, ఆ రోజు ఏ రోగిని ‘మీరు’ అన్నారో, ఎవరిని ‘నువ్వు’ అన్నారో మంచం నెంబరు వేసి రాసుకు రమ్మంటాను. ఎందుకని అడిగితే రేపు చెబుతానంటాను. మర్నాడు చెప్పాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

కొన్నేళ్ల క్రితం ఒకమ్మాయి మగవాళ్ల మెడికల్ వార్డులోని పన్నెండు మంచాలకూ గీతలు గీసి పట్టికలా వేసుకొచ్చింది. మూడో మంచం మీద రిటైరైన హెడ్మాస్టరు: మీరు. నాలుగో మంచం మీద మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ: నువ్వు. ఏడో మంచం, కిరాణా కొట్టు యజమాని: మీరు. తొమ్మిదో మంచం, బజార్లో చెప్పులు కుట్టే పెద్దాయన: నువ్వు. హెడ్మాస్టరుకీ హమాలీకీ ఇంచుమించు ఒకే వయసు. ఇద్దరికీ షుగరే, ఇద్దరికీ కాలి మీద మానని పుండే. ఇద్దరి డ్రెస్సింగుకీ ట్రే పట్టుకున్నది ఈ అమ్మాయే. చేతులు రెండు మంచాల దగ్గరా ఒకేలా పనిచేశాయి. నోరు మాత్రం దారి మార్చుకుంది.

“ఎవరూ అలా పిలవమని చెప్పలేదు మేడమ్. నోట్లోంచి వచ్చేసింది” అంది. అంటూండగానే గొంతు పూడుకుపోయింది. వాళ్ల నాన్న కూడా హమాలీయేనని నాకు తర్వాత తెలిసింది.

మా ఖమ్మంలాంటి ఊళ్లో నర్సింగ్ చెప్పేవాళ్లకు ఇదొక వరం, ఒక పరీక్ష కూడా. ఇటు తెలంగాణ పల్లెలు, అటు పాత కృష్ణా జిల్లా, ఎగువన భద్రాచలం ఏజెన్సీ. వార్డులో ఒక వరస మంచాలు చూస్తే నాలుగు యాసలు, మూడు మతాలు, లెక్కకు రానన్ని కులాలు, తెలుగు అంతంతమాత్రంగా వచ్చే కోయ కుటుంబం ఒకటి. ఆ వరస వెంట పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక ట్రే పట్టుకుని నడుస్తుంది. ఆమె కూడా ఏదో ఒక ఊరినుంచి, ఏదో ఒక ఇంటినుంచి, ఆ ఇంటి అలవాట్లన్నీ మూటగట్టుకుని వచ్చిందే. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన ఆ మూట దిగిపోదు. ఇంగ్లీషులో మాట్లాడే నర్సు ఒకే సర్వనామం వెనక దాక్కోగలదు. తెలుగులో ఆ వీలు లేదు. నోరు తెరిస్తే చాలు, ఎదుటి మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టామో బయటపడిపోతుంది.

2021లో వచ్చిన బీఎస్సీ నర్సింగ్ సెమిస్టర్ సిలబస్‌లో మొదటి సెమిస్టర్‌లోనే అప్లైడ్ సోషియాలజీ ఉంది. కుటుంబం, కులం, మతం, ఆచారాలు, ఆరోగ్యం మీద వాటి ప్రభావం అన్నీ చదువుతారు. సంస్కృతికి నిర్వచనం రాయమంటే తడుముకోకుండా రాస్తారు. ఉదయం ఆ నిర్వచనం రాసిన పిల్లే సాయంత్రం నాలుగో మంచం దగ్గర ‘కాలు అటు పెట్టు’ అంటుంది. చదువు తలలోకి వెళ్లింది, నాలుక మీదికి రాలేదు. ఈ రెంటికీ మధ్య దూరాన్ని దాటించే వంతెన ఒక్కటే నాకు కనపడింది: చేసిన పనిని అదే రోజు వెనక్కి తిరిగి చూసుకోవడం.

ఒక విద్యార్థిని లేచి అడిగిన ప్రశ్న

ఈ దారి వేసింది కూడా ఒక విద్యార్థినే. 1988లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో మావోరీ నర్సింగ్ విద్యార్థుల గురించి ఒక సమావేశం జరిగింది. పెద్దలంతా నర్సు చట్టపరంగా సురక్షితంగా పనిచేయాలి, నైతికంగా సురక్షితంగా పనిచేయాలి, చేతి పనిలో సురక్షితంగా ఉండాలి అంటూ మాట్లాడుతున్నారు. అప్పుడు మొదటి సంవత్సరం చదువుతున్న ఒక మావోరీ అమ్మాయి లేచి, ఇన్ని రకాల భద్రతల గురించి చెబుతున్నారు, మరి సాంస్కృతిక భద్రత సంగతేమిటని అడిగింది. ఇవాళ ప్రపంచమంతా నర్సింగ్ పుస్తకాల్లో కనిపించే ఆ మాట ఆ పిల్ల ప్రశ్నలోంచి పుట్టింది.

ఎందుకడిగిందో తెలియాలంటే మావోరీల ఇంట్లోకి తొంగిచూడాలి. వాళ్లకు తల పవిత్రం. తల కింద పెట్టుకునే దిండు కాళ్ల కింద పెట్టకూడదు. తిండి పెట్టుకునే బల్ల మీద బెడ్‌పాన్ ఆనించకూడదు. ఒకరికి ఒంట్లో బాగాలేదంటే ఇంటిల్లిపాదీ వచ్చి చుట్టూ కూర్చోవాలి. వాళ్ల భాషలో ‘ఫెనువా’ అనే మాటకు నేల అనే అర్థం, బిడ్డతోపాటు బయటపడే మాయ అనే అర్థం, రెండూ ఉన్నాయి. మాయను సొంత నేలలో పాతిపెడితేనే బిడ్డకు ఆ నేలతో బంధం. ఆసుపత్రులు దాన్ని వ్యర్థాలతోపాటు కాల్చేసేవి. దిండు ఎక్కడ దొరికితే అక్కడ పెట్టేవి. చుట్టాలు నలుగురొస్తే విజిటింగ్ టైం అయిపోయిందనేవి. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అయినా మావోరీలకు ఆసుపత్రి అంటే పరాయిచోటు, వీలైనంత ఆలస్యంగా వెళ్లే చోటు అయిపోయింది.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. దిండు మీద కూర్చుంటే సెగ్గడ్డలు లేస్తాయని కసిరేది. పురుడు పోసుకున్న ఇంట్లో పెరటి మూల గొయ్యి తీసి మాయను పాతిపెట్టించేది, కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప వేయించేది. ప్రపంచానికి ఆ చివర ఉన్న వాళ్ల బాధ నాకు అంత తేలిగ్గా అర్థం కావడానికి కారణం అమ్మమ్మే. అదే అమ్మమ్మను ఆసుపత్రిలో చేర్చినప్పుడు ‘ముసలామెకు చాదస్తం ఎక్కువ’ అని విసుక్కున్న నర్సు నా తోటి ఉద్యోగే. ఆ మాటకు నేను నవ్వాను కూడా. అది మరిచిపోలేను.

ఆ విద్యార్థిని ప్రశ్నను పట్టుకుని ఒక పాఠ్యప్రణాళికగా నిలబెట్టిన మనిషి ఇరిహాపెటి రామ్స్‌డెన్. మావోరీ నర్సు, అధ్యాపకురాలు. 1992 నుంచి న్యూజిలాండ్ నర్సింగ్ కౌన్సిల్ ఈ పాఠాన్ని నర్సింగ్, మిడ్‌వైఫరీ చదువుల్లో తప్పనిసరి చేసింది. దాని మీద పెద్ద గొడవే జరిగింది. నర్సులకు రాజకీయాలు నూరిపోస్తున్నారని పత్రికలు రాశాయి, 1995లో పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. రామ్స్‌డెన్ వెనక్కి తగ్గలేదు. 2002లో ఆ ప్రయాణాన్నంతా డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంగా రాసి, మరుసటి ఏడాది కన్నుమూసింది.

ఆమె చెప్పినవాటిలో రెండు మాటలు నా బోధనను మార్చాయి. కులం, మతం, రంగు ఏదైనా అందరినీ ఒకేలా చూడాలని నర్సులకు ఎప్పటినుంచో నేర్పుతున్నాం. మన దగ్గర ఏ నర్సునడిగినా ‘మాకు అందరూ సమానమే’ అంటుంది, నిజాయితీగానే అంటుంది. తేడాలను పట్టించుకోకపోవడం సమానత్వం కాదు, తేడాలను లెక్కలోకి తీసుకుని చూడాలి అన్నది రామ్స్‌డెన్ మొదటి మాట. రెండోది ఇంకా కష్టం. సేవ భద్రంగా, గౌరవంగా ఉందో లేదో తేల్చాల్సింది నర్సు కాదు, ఆ సేవ అందుకున్న మనిషి. అంటే మా మార్కులు, మా వైవాలు, మా సర్టిఫికెట్లు ఒకెత్తు. మంచం మీద మనిషి ఇంటికెళ్లి ఏం చెప్పుకుంటాడో అది ఒకెత్తు.

జాబితాతో వచ్చే చిక్కు

అయితే ఒక్కో కులం, మతం, తెగ ఆచారాలన్నీ రాసి పిల్లల చేత బట్టీ పట్టిస్తే సరిపోతుంది కదా అని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. చార్టులు కూడా వేయించాను. ముస్లిం రోగి అయితే ఇలా, గిరిజన రోగి అయితే అలా అని రంగురంగుల స్కెచ్ పెన్నులతో.

1998లో అమెరికాలో మెలనీ టెర్వలాన్, జాన్ మర్రే-గార్షియా అనే ఇద్దరు డాక్టర్లు రాసిన వ్యాసం చదివాక ఆ చార్టులు తీసేశాను. అందులో ఒక సంఘటన ఉంది. ఆపరేషన్ జరిగి కొన్ని గంటలే అయిన ఒక లాటిన్ అమెరికన్ మూలాలున్న స్త్రీ మూలుగుతోంది. అటుగా వచ్చిన డాక్టరు, ఆయనా అదే మూలాలవాడు, ఈమెకు నొప్పి బాగా ఎక్కువగా ఉన్నట్టుందే అన్నాడు. ఆమెను చూసుకుంటున్న నల్లజాతి నర్సు ఆ మాట కొట్టిపారేసింది. తాను నర్సింగ్ స్కూల్లో వేర్వేరు సంస్కృతుల గురించి కోర్సు చేశాననీ, ఈ జనం నొప్పిని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తారని తనకు తెలుసనీ చెప్పింది. పక్కనే ఉన్న మనిషి మూలుగు కంటే క్లాసులో విన్న పాఠం ఆమెకు గట్టిగా వినిపించింది. సంస్కృతిలో ప్రవీణులం అయిపోవడం అంటూ ఉండదు, జీవితాంతం అణకువతో తమను తాము ప్రశ్నించుకోవడమే ఉంటుందని ఆ డాక్టర్లు వాదించారు.

మన వార్డుల్లో ఆ నర్సు మాటలకు తెలుగు రూపాలు రోజూ వింటాం. ‘పల్లెటూరోళ్లు ఊరికే గగ్గోలు పెడతారు.’ ‘ఏజెన్సీ వాళ్లకు నొప్పి అంతగా తెలీదు.’ ‘బురఖా వాళ్లింట్లో ఏ మాటైనా మొగుణ్నే అడగాలి.’ ఇవన్నీ అనుభవంలోంచి వచ్చిన జ్ఞానంలాగే ధ్వనిస్తాయి. సీనియర్ సిస్టర్ నోటినుంచి జూనియర్ చెవిలోకి, హ్యాండోవర్‌తోపాటే అందుతాయి. ఇలాంటి మాటకు విరుగుడు మరో చార్టు కాదు. ఆ మాట తన నోట ఎప్పుడు దొర్లిందో ఆ పిల్లకే పట్టుబడాలి.

నెమరు

పశువు పగలు తొందర తొందరగా మేస్తుంది. నీడకు చేరాక ఆ మేతనే మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నమిలితేగానీ ఒంటికి పట్టదు. డైరీ రాయించడాన్ని నేను పిల్లలకు నెమరు అనే చెబుతాను. మేత కోసం పోటీపడే చదువులో నెమరుకు టైం ఇచ్చేవాళ్లు తక్కువ.

అమెరికాలో డొనాల్డ్ షాన్ 1983లో రాసిన పుస్తకంలో వృత్తి నిపుణులు పని చేస్తూ చేస్తూనే ఆలోచించడం, పని అయ్యాక ఆలోచించడం అని రెండు రకాలుగా చెప్పాడు. ఇంగ్లండ్‌లో గ్రాహం గిబ్స్ 1988లో ఇలా వెనక్కి తిరిగి చూసుకోవడాన్ని ఆరు మెట్ల చక్రంగా గీశాడు. నర్సింగ్ కాలేజీల్లో ఎక్కువగా వాడేది అదే. నేను పిల్లలకు ఇలా చెబుతాను: ఏం జరిగింది? అప్పుడు నీకేమనిపించింది? అందులో బాగున్నదేది, బాగాలేనిదేది? ఎందుకలా జరిగింది? ఇంకేం చేసి ఉండొచ్చు? మళ్లీ అలాంటిదే ఎదురైతే ఏం చేస్తావు?

ఆరింటిలో రెండోదే ప్రాణం. పిల్లలు దాటేసేదీ దాన్నే. ‘నాకు అసహ్యమేసింది’, ‘భయమేసింది’, ‘ఆమె మీద కోపమొచ్చింది’ అని రాయడానికి నర్సింగ్ విద్యార్థికి చెయ్యి రాదు. నర్సు అంటే ఓర్పు, చిరునవ్వు అని చిన్నప్పటినుంచీ చెప్పాం కదా. ‘ఈ అనుభవం నుంచి ఎంతో నేర్చుకున్నాను. ఇకపై రోగుల సంస్కృతిని గౌరవిస్తాను’ అని రాసి సంతకం పెడతారు. సీనియర్ల డైరీలు ఏటా చేతులు మారుతుంటాయి. ఒకే మాట, ఒకే తప్పుతో సహా, మూడు బ్యాచ్‌ల పుస్తకాల్లో చదివాను. మొదట్లో కోప్పడ్డాను. తర్వాత తప్పు నాదేనని తెలిసింది. ఇరవైకి ఇన్ని అని మార్కులు వేస్తే ఎవరు మాత్రం తమ మనసులోని మురికి రాసిస్తారు?

అందుకే మార్కులు తీసేశాను. రాశారా లేదా అని మాత్రం టిక్కు పెడతాను. డైరీలో రోగి పేరు ఉండకూడదన్నది గట్టి నియమం. పొరపాటున రాసినా నేను కొట్టేస్తాను. శనివారం మధ్యాహ్నం గుండ్రంగా కూర్చుంటాం. ఇష్టమున్నవాళ్లు ఒక పేజీ పైకి చదువుతారు. మిగతావాళ్లు సలహా ఇవ్వకూడదు, ప్రశ్న అడగొచ్చు. ఎవరూ చదవని శనివారాలు ఉంటాయి. నేనే నా పాత తప్పు ఒకటి చెబుతాను. ఆ వారం కాకపోతే పై వారం ఒక చెయ్యి లేస్తుంది.

ఇదంతా తీరిక ఉన్నప్పటి మాట. సిబ్బంది తక్కువైన ఆసుపత్రుల్లో విద్యార్థి అంటే జీతం లేని రెండు చేతులు. ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన పిల్లను రాత్రి కూర్చుని ఆలోచించమనడం కొన్నిసార్లు నాకే అన్యాయంగా తోస్తుంది. ఆ రోజుల్లో రెండు వాక్యాలు చాలంటాను.

‘పేషెంట్ కోఆపరేట్ చేయలేదు’

ఒక డైరీ సంగతి చెప్పాలి. ఏజెన్సీ ప్రాంతంలోని ఒక ఆసుపత్రి లేబర్ రూంలో పోస్టింగు. ఒక కోయ అమ్మాయి తొలికాన్పుకు వచ్చింది. అత్తగారిని తలుపు బయటే ఆపేశారు. నొప్పులు ముదిరేకొద్దీ ఆ పిల్ల టేబుల్ మీద పడుకోనని కిందికి దిగిపోతోంది, గోడ పట్టుకుని గొంతుక్కూర్చుంటోంది. మా విద్యార్థిని, ఇంకో ఇద్దరు కలిసి ఎత్తి పైన పడుకోబెట్టారు. మళ్లీ దిగింది. మళ్లీ పడుకోబెట్టారు. ఎవరో అరిచారు. చివరికి బిడ్డ క్షేమంగానే పుట్టింది. రిపోర్టులో మా అమ్మాయి ‘పేషెంట్ నాన్-కోఆపరేటివ్’ అని రాసింది.

రాత్రి డైరీలోనూ అదే రాసింది. మొదటి ప్రశ్నకు జవాబు అరపేజీ. రెండో ప్రశ్న దగ్గర ‘చిరాకేసింది’ అని ఒక్క మాట. నేను పక్కన ఒక్కటే రాశాను: ఆమె ఎందుకు దిగుతోందో ఎవరినైనా అడిగావా?

మర్నాడు అడిగింది. డాక్టర్నో స్టాఫ్ నర్సునో కాదు, గది తుడిచే ఆయమ్మను. ఆమె కోయ మనిషి. ‘మా ఇళ్లల్లో కూర్చునే కంటాం గదా సిస్టర్. పండుకుని కనమంటే ఆ పిల్లకు భయమైంది. దిగుతా, దిగుతా అని మొత్తుకుంది. మీకు అర్థం కాలేదు’ అందట. ఆ గదిలో రెండు భాషలూ వచ్చిన మనిషి ఆయమ్మ ఒక్కతే. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె పని నేల తుడవడం కాబట్టి.

ఆ విద్యార్థిని మళ్లీ రాసిన పేజీ నాలుగు పేజీలైంది. కోఆపరేట్ చేయనిది ఎవరు అని అడుగుతూ మొదలుపెట్టింది. టేబుల్ మీద వెల్లకిలా పడుకోవడం కాన్పు చేసేవాళ్ల సౌకర్యం కోసమేమో, నేను దాన్ని వైద్యం అనుకున్నాను అని రాసింది. లేబర్ రూంలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పిందని ఎక్కడో చదివి, అత్తగారిని బయట ఎందుకు నిలబెట్టారని నన్నే నిలదీసింది. తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో మొదలైన మిడ్‌వైఫరీ శిక్షణలో, తల్లికి నచ్చిన భంగిమలో కాన్పు చేయడం పద్దెనిమిది నెలల చదువులో భాగం. ఆ అమ్మాయి ఇప్పుడు అటువైపు వెళ్లాలని చూస్తోంది.

‘నాన్-కోఆపరేటివ్’, ‘మొండి కేసు’, ‘అటెండర్లు గొడవ మనుషులు’. కేస్ షీట్లలో ఇలాంటి మాట కనపడ్డప్పుడల్లా ఇక్కడ ఎవరో ఏదో అడగడం మానేశారని అనుకుంటాను.

నేను ఎర్ర ఇంకుతో రాసిన మాట

అన్ని డైరీలూ ఇలా వెలుగులోకి రావు. ఒకటి నా వల్లే చీకట్లోకి వెళ్లింది.

ఆడవాళ్ల సర్జికల్ వార్డు. కోడలికి తోడుగా వచ్చిన పెద్దావిడ మా విద్యార్థినిని ‘మీరెవరమ్మాయ్?’ అని అడిగింది. మన ఊళ్లల్లో ఆ ప్రశ్నకు పేరు చెబితే సరిపోదని అందరికీ తెలుసు. ఆ అమ్మాయి నిజమే చెప్పింది. మర్నాటినుంచి పెద్దావిడ మాత్రలు ఈమె చేతినుంచి తీసుకోవడం లేదు, ‘అక్కడ పెట్టు’ అంటోంది. మంచినీళ్ల గ్లాసు దూరంగా జరుపుకుంది. దుప్పటి మార్చడానికి వెళితే ఇంకో అమ్మాయి పేరు చెప్పి ఆమెను పంపమంది. ఇదంతా ఆ పిల్ల నాలుగే వాక్యాల్లో రాసింది. రెండో ప్రశ్నకు జవాబు ఖాళీ.

నేను పక్కన ఎర్ర ఇంకుతో రాశాను: ‘రోగుల ప్రవర్తనను వ్యక్తిగతంగా తీసుకోకూడదు. ఓర్పుగా ఉండాలి.’

తర్వాత ఆరు నెలలపాటు ఆ డైరీలో ఒక్క నిజమైన వాక్యం లేదు. అన్నీ ‘ఎంతో నేర్చుకున్నాను’లే. కోర్సు అయిపోయి సర్టిఫికెట్ల కోసం వచ్చిన రోజు ధైర్యం చేసి అడిగాను. ‘మీరు కూడా ఆ మంచం వైపే ఉన్నారనిపించింది మేడమ్’ అంది. మెల్లగా, కోపం లేకుండా అంది.

రోగి సంస్కృతిని గౌరవించడమంటే రోగి చేసే అవమానాన్ని మింగడం అని నేను నేర్పాను. అది తప్పు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించింది. వార్డు గుమ్మం దాటాక అది ఆచారమైపోదు. ఆ రోజు నేను ఆ మంచం దగ్గరకెళ్లి, ‘మీ కోడలికి ఈ రోజు డ్యూటీ ఈ సిస్టర్‌దే, మందు ఈమే ఇస్తుంది’ అని ఆ పిల్ల ఎదుటే చెప్పాల్సింది. రామ్స్‌డెన్ గొడవంతా అధికారం ఎవరి చేతిలో ఉందన్నదాని గురించే కదా. నాకున్న అధికారం నేను ఆ పిల్ల కోసం వాడలేదు.

మన దగ్గర ఈ వృత్తి చరిత్రలోనే ఆ గ్లాసు ఉంది. రక్తం, మలమూత్రాలు ముట్టుకోవడం మైల అని పై కులాలు తమ ఆడపిల్లల్ని చాలాకాలం నర్సింగ్‌కి పంపలేదు. 1883లో గుంటూరు వచ్చి 1898లో అక్కడ ఆడవాళ్లకు ఆసుపత్రి తెరిచిన అమెరికన్ డాక్టరు ఆనా సారా కుగ్లర్ లాంటి మిషనరీల దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవం తీసుకున్న పేద కుటుంబాల ఆడపిల్లలు. ఎవరి మైల కడగడానికి మిగతావాళ్లు ముందుకు రాలేదో, దాన్ని కడిగిన చేతులవి. ఆ చేతి నీళ్లు తాగనన్నవాళ్ల మనవరాళ్లు ఇవాళ నా క్లాసులో కూర్చుంటున్నారు. వాళ్ల డైరీలు వేరేగా ఉంటాయి. ‘మా ఇంట్లో పనమ్మాయికి వేరే గ్లాసు ఉంది. ఇన్నాళ్లూ నేను దాన్ని చూడలేదు’ అని ఒకమ్మాయి రాసింది. ఆ వాక్యానికి నేను టిక్కు కూడా పెట్టలేకపోయాను, చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

పసుపు కొమ్ము, పథ్యం

రోజువారీ చిక్కుల్లో చాలావాటికి పరిష్కారాలు వార్డులోనే పుడుతుంటాయి. ఆపరేషన్‌కు ముందు పుస్తెలతాడు తీయనని ఏడ్చే ఆమెకు సీనియర్ నర్సులు దారానికి పసుపు కొమ్ము కట్టి మెడలో వేస్తారు, లోహం ఉండదు కాబట్టి ఓటీ వాళ్లకూ అభ్యంతరం ఉండదు. బాలింత పథ్యం ఇంకాస్త జాగ్రత్తగా చూడాల్సింది. వెల్లుల్లి కారం, మిరియాల చారు తింటానంటే అడ్డుపడాల్సిన పని లేదు. ఒంట్లో నీరు చేరుతుందని మంచినీళ్లు ఇవ్వకపోతేనో, ముర్రుపాలు పిండి పారబోస్తేనో ఊరుకోకూడదు. అప్పుడు కూడా బాలింతను కసిరితే లాభం లేదు, గ్లాసు అత్తగారి చేతిలో ఉంది. అత్తగారి పక్కన కూర్చుని, మీ కాన్పుకి మీ అమ్మ ఏం పెట్టింది అని అడిగి మొదలుపెట్టిన నర్సు మాటే నెగ్గుతుందని ఎన్నో డైరీల్లో చదివాను.

‘వేడి చేసింది’ అనే మాట ఒక్కదాని మీదే ఒక శనివారమంతా గడిపాం. మూత్రంలో మంటకూ వేడి చేసిందంటారు, నోటిపూతకూ అదే, కళ్లు ఎర్రబడ్డా అదే. కేస్ షీట్‌లో దానికి ఇంగ్లీషు మాట లేదు కాబట్టి ‘జ్వరం’ అని రాసేసిన అమ్మాయి, థర్మామీటరులో ఏమీ లేకపోయేసరికి రోగి అబద్ధమాడిందనుకుంది. ఆమె అబద్ధం ఆడలేదు. వేడి ఎక్కడమ్మా అని అడిగితే చూపించేది.

పరాయిదేశంలో ‘అంకుల్’

యూకేలో రిజిస్టరైన నర్సులు 2016 ఏప్రిల్ నుంచి మూడేళ్లకోసారి తమ రిజిస్ట్రేషన్ నిలుపుకోవాలంటే, తమ పని గురించి ఐదు ఆత్మపరిశీలన వ్యాసాలు రాయాలి, వాటిమీద మరో రిజిస్టర్డ్ నర్సుతో కూర్చుని మాట్లాడాలి. రోగి ఎవరో తెలియకుండా రాయాలన్న నియమం అక్కడా ఉంది. అక్కడ పనిచేస్తున్న నా పాత విద్యార్థిని ఒకామె ఫోన్ చేసి, ‘మీ డైరీ ఇక్కడిదాకా వచ్చింది మేడమ్’ అంది.

ఆమె మొదటి వ్యాసం పిలుపు గురించే. ఎనభై ఏళ్ల పెద్దాయన తనను పేరు పెట్టి పిలవమన్నాడట. మన నోటికి ఆ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడం రాదు. అంకుల్ అంది. ఆయన ముఖం చిన్నబోయింది. నేను నీ బంధువును కాను, నాకు పేరుంది అన్నాడు. గౌరవం అనుకుని ఇచ్చింది ఆయనకు దూరంగా తగిలింది. మూడు రోజులు సాధన చేసి, నాలుగో రోజు పేరుతో పిలిచిందట. పిలిచాక బాత్‌రూంలోకెళ్లి చెంపలేసుకున్నానని చెప్పి నవ్వింది. ఇక్కడ హమాలీని ‘నువ్వు’ అన్న అమ్మాయి ఈమే. నాలుగో మంచం పేజీ ఇంకా తన దగ్గరే ఉందని ఆ రోజే చెప్పింది.

పోయిన ఏడాది బ్యాచ్‌లో కృష్ణా జిల్లానుంచి వచ్చిన ఒక అమ్మాయి నా నోట్‌బుక్కు పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంది. ఆడవాళ్ల వార్డులో పన్నెండు మంచాలకూ ‘మీరు’ అని రాసుకొచ్చింది. సీనియర్లు ముందే హెచ్చరించి ఉంటారు. అయితే ఎనిమిదో మంచం ఎదురుగా ‘మీరు’ కొట్టేసి ఉంది. ఏమిటని అడిగాను.

మధిర వైపు పల్లెనుంచి వచ్చిన అవ్వట. రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు చెయ్యి పట్టుకుని ఆపిందట. ‘మీరు మీరు అంటవేంది బిడ్డా? నేనేమన్న పరాయిదాన్నా? నువ్వు అను’ అందట. ఈ అమ్మాయి ఇంట్లో అమ్మమ్మను కూడా ‘మీరు’ అనే పిల్ల. ‘నువ్వు’ అనడానికి నోరు రాలేదు. ‘అవ్వా, తిన్నవా?’ అని మర్నాడు అడిగితే, ఆ అవ్వ రెండిడ్లీలూ తినేసిందట.

‘ఇక రూలేదీ పనిచేయదని తెలిసింది మేడమ్. పదకొండో మంచం దగ్గరికెళ్లి ముందే అడిగాను’ అంది. పదకొండో మంచం మీద ఉన్నావిడ ముప్ఫై ఏళ్లు మున్సిపాలిటీలో రోడ్లూడ్చిన మనిషి. మిమ్మల్ని ఏమని పిలవమంటారని ఈ పిల్ల అడిగితే, ఆమె చాలాసేపు కిటికీ వైపు చూసిందట. తర్వాత తన పేరు చెప్పి, ‘పేరుతో పిలువు. ఎనక గారు అను’ అందట.

నోట్‌బుక్కులో పదకొండో మంచం ఎదురుగా ఆ పేరు గుండ్రటి అక్షరాలతో ఉంది, పక్కనే ‘గారు’. డైరీలో రోగి పేరు ఉండకూడదు కదా. పెన్ను తీసి పేరు కొట్టేశాను. గారు అలాగే ఉంచాను.